పెద్ద చేపను చంపితేనే బహుమతా?

అమెరికాలోని తెలుగు సంఘాల కార్యవర్గ సభ్యులకు, వసంతకాలం పిక్నిక్‌లలో చేపల పోటీలు నిర్వహించే పెద్దలకు,



టెక్సస్‌లో మా ఊరి తెలుగు సంఘం ఈ ఏడాది కూడా ‘పెద్ద చేప పోటీ’ని పాత పద్ధతిలోనే నడపాలని నిర్ణయించింది. పద్ధతి మీకు తెలిసిందే. పొద్దుటి నుంచి మధ్యాహ్నం భోజనాల దాకా చెరువు గట్టున ఎవరికి వారు గాలాలు వేస్తారు. పడ్డ చేపను ఐస్ పెట్టెలో వేసి తక్కెడ దగ్గరికి మోసుకొస్తారు. ఎవరి చేప ఎక్కువ తూగితే వారికి షీల్డు, శాలువా, చప్పట్లు. తూకం అయిన చేప నేరుగా వేపుడు పొయ్యి దగ్గరికి పోతుంది. ఈ నియమం మార్చండని మాలో కొందరం అడిగాం. “వదిలేసేదానికి పట్టుకోవడం ఎందుకండీ? మనవాళ్లకి చేపంటే కూరే” అన్నారు. అంతటితో చర్చ ముగిసింది.

ఆ ఒక్క సంఘానికే రాసి ఊరుకోకుండా మీ అందరికీ ఎందుకు రాస్తున్నానంటే, ఆ మాట ఒక్క ఊరిది కాదు. మన వాళ్లు గాలం పట్టుకుని నిలబడ్డ ప్రతి చెరువు గట్టునా నాకు అది వినపడుతోంది. అదే మాట కార్యవర్గాలు కూడా అంటే అది సంఘం మాట అవుతుంది, షీల్డు ఇస్తే సంఘం విలువ అవుతుంది. అందుకే అడుగుతున్నాను: మీరు సన్మానిస్తున్నది ఏ పనిని? ఆ పనికి ఖర్చవుతున్నది ఎవరి సొత్తు?

ముందు మీ తక్కెడ మీదికి వస్తున్న చేప ఎలాంటిదో చూడండి. మార్చి నెలలో టెక్సస్ చెరువు గట్టు నుంచి ఎనిమిది పౌన్ల లార్జ్‌మౌత్ బాస్ పడిందంటే అది ఆడచేపే. మగవి అంత పెరగవు. నాలుగయిదు పౌన్లు దాటిన బాస్ దాదాపు ప్రతిసారీ ఆడదే అయి ఉంటుంది. ఆ బరువుకు రావడానికి దానికి ఏళ్లు పట్టింది. పిల్లగా ఉన్నప్పుడు కొంగల ముక్కులను, పెద్ద చేపల నోళ్లను, కరువులను, చలిగాలులను తప్పించుకుని బతికిన ఏ కొద్ది చేపలో ఆ పరిమాణానికి చేరతాయి. అది ఒడ్డు దగ్గరికి రావడానికి కారణం కూడా వసంతమే. నీటి వేడి 60 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటుతుండగా గుడ్లు పెట్టడానికి లోతు వదిలి ఒడ్డుకు వస్తుంది. మీ పిక్నిక్ తేదీ సరిగ్గా ఆ రోజుల్లోనే పడుతోంది.

మొన్నటి పోటీలో గెలిచిన చేపను కోస్తుంటే నేను పక్కనే ఉన్నాను. పొట్ట చీల్చగానే రెండు పాయల జన, నారింజ పసుపు కలిసిన రంగులో, మొప్పల దగ్గర మొదలై తోక వైపు దాకా ఒత్తుగా నిండి కనిపించింది. కోస్తున్న ఆయన దాన్ని అరచేతిలోకి తీసుకుంటే వేళ్ల పక్కల నుంచి జారింది. ఆడ బాస్ తన ఒంటి బరువులో పౌనుకు కొన్ని వేల గుడ్లు పెడుతుంది. ఆ పూట ఆ చెరువు ఒక్క చేపనే పోగొట్టుకుందని అంటే లెక్క తప్పుతుంది. విత్తనాల కుండలో చెయ్యి పెట్టి వండుకు తినే రైతును మన ఊళ్లలో ఎవరైనా మెచ్చుకుంటారా? మరి ఆ పనికి మనం శాలువా ఎందుకు కప్పుతున్నాం?

చట్టం ఒప్పుకుంటోంది కదా అంటారేమో. నిజమే. టెక్సస్‌లో చాలా చెరువుల్లో 14 అంగుళాలు దాటిన లార్జ్‌మౌత్‌ను ఉంచుకోవచ్చు, రోజుకు అయిదు దాకా. మీరు చట్టం తప్పారని నేను అనడం లేదు. కానీ చట్టం గీసేది కనీసపు గీత. సంఘం పని ఆ గీత మీద నిలబడడమేనా? అదే టెక్సస్‌లో 27 వేల ఎకరాల లేక్ ఫోర్క్ సంగతి చూడండి. అక్కడ 16 నుంచి 24 అంగుళాల మధ్య ఉన్న ప్రతి బాస్‌నూ నీళ్లలోకి వదలాల్సిందే. 24 దాటినవాటిలో రోజుకు ఒక్కటే ఉంచుకోవచ్చు. రాష్ట్ర రికార్డుగా నిలిచిన 18.18 పౌన్ల బాస్ 1992 జనవరిలో పడింది ఆ చెరువులోనే. పెద్ద చేప కావాలంటే మధ్య వయసు చేపను బతకనివ్వాలని అక్కడి అధికారులు కట్టుబాటు పెట్టారు, గాలం వేసేవాళ్లు ఒప్పుకున్నారు. ఈ దేశం నలుమూలల నుంచీ ఇవాళ్టికీ జనం ఆ చెరువు వెతుక్కుంటూ వస్తారు.

ఇక కూర సంగతి. నేనూ చేపలు తినేవాడినే. పులుసు పెట్టుకోవడం తప్పని ఈ లేఖలో ఎక్కడా అనను. కూరకు క్యాట్‌ఫిష్ ఉంది, క్రాపీ ఉంది, బ్లూగిల్ ఉంది. బాసే కావాలంటే చట్టం ఒప్పుకున్న చిన్న బాస్‌లు ఉన్నాయి. లేక్ ఫోర్క్ లాంటి చోట 16 అంగుళాల లోపు బాస్‌లను తీసుకెళితే మిగిలినవాటికి మేత పెరుగుతుంది కాబట్టి చెరువుకూ మేలే. రుచి చూసినా చిన్నదే మెరుగు. ఆరోగ్యం చూస్తే ఇంకా స్పష్టం: బాస్ వేటాడి తినే చేప, పెద్దదయ్యే కొద్దీ దాని కండలో పాదరసం పేరుకుంటుంది. తూర్పు టెక్సస్‌లోని కాడో లేక్ బాస్‌ల విషయంలో రాష్ట్ర ఆరోగ్యశాఖ ఈ కారణంతోనే హెచ్చరిక జారీ చేసింది. గర్భిణులకు, పసిపిల్లలకు ఇలాంటి చేపల విషయంలో జాగ్రత్త మరీ అవసరమని వైద్యులు చెబుతారు. పిక్నిక్‌లో ఆ వేపుడు ముక్కలు ముందుగా ఎవరి పళ్లాల్లోకి వెళుతున్నాయో మీరు గమనించారా?

“ప్రపంచ రికార్డు బాస్‌నే వండుకు తిన్నారు కదా” అని నాతో వాదించినవారు ఉన్నారు. ఆ కథ పూర్తిగా చెప్పుకుందాం. 1932 జూన్ 2న జార్జియాలో, ఓక్‌మల్గీ నది పక్క పాయలో ఏర్పడ్డ మోంట్‌గొమరీ లేక్‌లో జార్జ్ పెరీ అనే ఇరవై ఏళ్ల యువకుడు 22 పౌన్ల 4 ఔన్సుల బాస్‌ను పట్టాడు. దాన్ని తూచి, పత్రిక పోటీకి వివరాలు పంపి, ఇంటికి తీసుకెళ్లాడు. ఇంటిల్లిపాదీ తిన్నారు. అది మహా మాంద్యం కాలం. పొలం మీద బతికే పేద కుటుంబం. ఆ ఇంటికి ఆ చేప తిండి. ఆ కుర్రవాడిని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. కానీ కార్ల నిండా బిర్యానీ ట్రేలు దించుకుని, మిగిలినవి ఎవరింటికి పంపాలో తేల్చుకోలేని మన పిక్నిక్‌కు ఆ ఇంటితో పోలిక ఎక్కడ?

మీ బాధ్యత ఇక్కడే మొదలవుతుంది. పోటీ అనేది ఊరికే జరిగిపోయే సరదా కాదు. దేనికి బహుమతి ఇస్తామో జనం అదే నేర్చుకుంటారు. ఈ దేశంలో బాస్ పోటీలు నడిపినవాళ్లకు ఇది అర్ధశతాబ్దం కిందటే తెలిసింది. 1967లో ఆర్కన్సాలోని బీవర్ లేక్ మీద రే స్కాట్ అనే నిర్వాహకుడు పెద్ద పోటీ పెట్టినప్పుడు పట్టిన చేపలు ప్రాణంతో తిరిగి వెళ్లలేదు.  తాను పెట్టిన ‘బాస్’ సంస్థ పోటీల్లో 1972లో ఆయన నియమం మార్చాడు: చేప ప్రాణంతో తూకానికి రావాలి, ప్రాణంతో తిరిగి వెళ్లాలి.  డబ్బు కోసం పోటీపడే మహానుభావులు కూడా దెబ్బకు తమ పడవల్లో నీటి తొట్లు కట్టుకున్నారు. తర్వాత వచ్చిన మేజర్ లీగ్ ఫిషింగ్ అనే పోటీల సంస్థ ఇంకో అడుగు వేసింది: పడవలోనే తూచి, అక్కడికక్కడే వదిలెయ్యడం. లక్షల డాలర్ల పోటీ అలా నడుస్తున్నప్పుడు, ఒక షీల్డు, ఒక శాలువా ఉన్న పోటీకి చచ్చిన చేప ఎందుకు కావాలి?

టెక్సస్ ప్రభుత్వం చేస్తున్నది చూడండి. 1986 నవంబరులో మార్క్ స్టీవెన్సన్ అనే ఆయన లేక్ ఫోర్క్‌లో 17.67 పౌన్ల ఆడ బాస్‌ను పట్టాడు. దానికి ‘ఎథెల్’ అని పేరు పెట్టారు. దాన్ని చంపలేదు. అది ఇంకో ఎనిమిదేళ్ల దాకా బతికింది, మిజూరీలోని ఒక పెద్ద దుకాణం తొట్టిలో వేలాదిమంది దాన్ని చూశారు. టెక్సస్ వారి ‘షేర్‌లంకర్’ కార్యక్రమం ఆ చేపతోనే మొదలైంది. జనవరి 1 నుంచి మార్చి 31 లోపు ఎవరైనా 13 పౌన్లు దాటిన బాస్‌ను పట్టి కబురు పెడితే సిబ్బంది వచ్చి ప్రాణంతో తీసుకెళతారు, దానిచేత గుడ్లు పెట్టిస్తారు, పిల్లలను రాష్ట్రంలోని చెరువుల్లో వదులుతారు. అంత పెద్దది కాకపోయినా 8 పౌన్లు లేదా 24 అంగుళాలు దాటిన బాస్ వివరాలు పంపితే గుర్తింపు ఇస్తారు. ఒక్కసారి ఊహించండి: మన సంఘం పిక్నిక్‌లో పడ్డ చేప ఆ జాబితాలోకి ఎక్కితే ఎంత గౌరవం! అలాంటి చేప మన ఐస్ పెట్టెలో ఊపిరి ఆగి పడి ఉంటే ఎంత నష్టం!

మీరు చెయ్యని పని ఇంకొకటుంది. పోటీ పెడతారు గానీ చేపను పట్టడం ఎలాగో ఎవరికీ నేర్పరు. గాలం వేసే ప్రతి మనిషికీ తన జీవితంలో పట్టిన అతి పెద్ద చేప ఒకటి ఉంటుంది. దాన్ని ‘పర్సనల్ బెస్ట్’ అంటారు. దాన్ని దాటాలనే తపన మంచి తపన. కానీ దారి చూపకుండా తక్కెడ మాత్రం పెడితే గెలుపు అదృష్టానికి పోతుంది. మీరు నేర్పవలసింది ఏమిటో నాకు తెలిసినంతలో రాస్తున్నాను. దయచేసి ఇది మీ పిక్నిక్ కరపత్రంలో అచ్చు వెయ్యండి.

మొదటిది కాలం. పెద్ద బాస్ కావాలంటే గుడ్లు పెట్టే వేళకు ముందే వెళ్లాలి. నీళ్లు 50 డిగ్రీలు దాటి 60కి చేరుకునే రోజులు, అంటే టెక్సస్‌లో జనవరి చివర నుంచి మార్చి మొదటి వారాల దాకా, ఆడచేప బాగా మేస్తూ ఒళ్లు పెంచుకుంటుంది. అప్పుడు దాని బరువు ఏడాది మొత్తంలో ఎక్కువ. వరసగా మూడు నాలుగు రోజులు ఎండ కాసి నీళ్లు వేడెక్కిన సాయంత్రాలు, చలిగాలి దిగడానికి ముందు మబ్బు పట్టిన పూటలు మంచివి. ఎండాకాలమైతే రాత్రిపూట పెద్ద చేప కదులుతుంది. మధ్యాహ్నం పన్నెండింటికి ఎండలో నిలబెట్టి పోటీ పెట్టడం గాలం వేసేవాళ్లకూ చేపకూ ఇద్దరికీ అన్యాయం.

రెండోది చోటు. లోతు నుంచి ఒడ్డుకు వచ్చే చేప దారిలో ఆగే మజిలీలు ఉంటాయి. చెరువులోకి పొడుచుకొచ్చిన నేలకొమ్ము, వాగు చెరువులో కలిసే మూల, ఆనకట్ట రాళ్ల అంచు, మునిగిన చెట్టు మోడు, హైడ్రిల్లా నాచు ఆగిపోయి ఖాళీ నీళ్లు మొదలయ్యే గీత. గట్టు మీద నుంచి వేసేవాళ్లు చాలామంది చెరువు నడిమికి విసురుతారు. పెద్ద చేప చాలాసార్లు వాళ్ల కాళ్లకు పది అడుగుల దూరంలోనే ఉంటుంది. గట్టుకు నాలుగడుగులు వెనకే ఆగి, అడుగుల చప్పుడు లేకుండా నడిచి, మొదటి విసురు గట్టు పొడవునా వెయ్యమని చెప్పండి. గాలి ఏ ఒడ్డుకు కొడుతుందో ఆ ఒడ్డే పట్టుకోమనండి. అలలతోపాటు చిన్న చేపలు అటు కొట్టుకెళతాయి, వాటి వెనకే బాస్ వెళుతుంది.

మూడోది ఎర. పెద్ద బాస్ చిన్న ముద్దల కోసం శ్రమపడదు. అది తినేది అరచేతంత బ్లూగిల్‌ను, జానెడు గిజర్డ్ షాడ్‌ను, రాళ్ల సందుల్లోని క్రాఫిష్‌ను. అందుకే వాటిని పోలిన ఎర కావాలి: రాళ్ల మీద, మోళ్ల పక్కన నెమ్మదిగా లాగడానికి అర ఔన్సు జిగ్, నాచు మీద నుంచి లాగడానికి ఎర్రటి లిప్‌లెస్ క్రాంక్‌బెయిట్, చిక్కటి చోట టెక్సస్ రిగ్ కట్టిన పది అంగుళాల ప్లాస్టిక్ వార్మ్, ఓపిక ఉన్నవాళ్లకు పెద్ద స్విమ్‌బెయిట్. పెద్ద ఎర వేస్తే పడేవి తక్కువ. ఆ ఖాళీ గంటలను భరించగలగడమే ఈ విద్యలో సగం. నీళ్లు చల్లగా ఉన్నప్పుడు ఎర ఎంత నెమ్మదిగా కదిలితే అంత మేలు.

నాలుగోది సరంజామా. ఏడడుగుల మీడియం హెవీ రాడ్, 15 నుంచి 20 పౌన్ల ఫ్లోరోకార్బన్ లైన్, నాచు మీద అయితే 50 పౌన్లకు తగ్గని బ్రెయిడ్. ఇవి ఉంటే చేపను త్వరగా ఒడ్డుకు తేవచ్చు. సన్నటి లైన్ మీద చేపను అలిసిపోయేదాకా ఆడించడం వీరత్వం అనుకునేవాళ్లున్నారు. అలా అలిసిన చేప వదిలినా బతకడం కష్టం. హుక్ మొనను బొటనవేలి గోరు మీద పెట్టి మెల్లగా లాగండి: జారితే మొద్దుబారిందని, గోటిలో దిగి ఆగితే పదునుగా ఉందని అర్థం. ముడి బిగించే ముందు ఉమ్మితో తడపండి, లేకపోతే ఒరిపిడి వేడికి లైన్ బలం పోతుంది. ప్రతి చేప తర్వాత చివరి మూడడుగుల లైన్‌ను రెండు వేళ్ల మధ్య జరిపి చూడండి. గరుకు తగిలితే కత్తిరించి మళ్లీ కట్టండి. జీవితంలో ఒకసారి వచ్చే చేప తెగిపోయేది ఎక్కువగా ఈ మూడడుగుల్లోనే.

అయిదోది పట్టు. జిగ్ మీద పెద్ద చేప కాటు చాలాసార్లు ఒక్క ‘టక్’ మాత్రమే. ఒక్కోసారి అదీ ఉండదు, లైన్ పక్కకు నడుస్తుంది, లేదా ఎర బరువు ఉన్నట్టుండి మాయమవుతుంది. అప్పుడు సందేహించకుండా గట్టిగా లాగాలి. చేప పైకి వస్తుంటే రాడ్ కొన నీళ్ల వైపు వంచాలి; అది గాల్లోకి ఎగిరి తల విదిలిస్తే హుక్ ఊడిపోతుంది. రబ్బరు పూత ఉన్న వల దగ్గరుంచుకుంటే చేప ఒంటి మీది జిగురు చెడదు.

ఇక్కడి దాకా చెప్పింది చేపను పట్టే విద్య. దాన్ని వదిలే విద్య కూడా అంతే శ్రద్ధగా నేర్పాలి. చేతులు తడుపుకోకుండా చేపను ముట్టుకోకూడదు. పొడి చేతులు, గుడ్డలు, ఎండకు కాగిన చెక్క బల్ల దాని జిగురు పొరను ఊడ్చేస్తాయి, అక్కడే పుండు పడుతుంది. పెద్ద బాస్‌ను దవడ పట్టుకుని నిలువునా వేలాడదీస్తే దాని బరువంతా దవడ కీలు మీద పడుతుంది. ఒక చెయ్యి దవడకు, ఇంకో చెయ్యి పొట్ట కిందికి పెట్టి అడ్డంగా పట్టుకోవాలి. హుక్ గొంతు లోపల దిగితే గుంజి చీల్చకుండా వీలైనంత దగ్గరగా లైన్ కత్తిరించాలి. ఫొటో తీసే మనిషి ముందే సిద్ధంగా ఉండాలి. మన ఊపిరి ఎంతసేపు బిగపట్టగలమో అంతసేపే దాన్ని గాల్లో ఉంచాలి.

బరువు తెలియాలి కదా అంటే, దానికీ దారి ఉంది. కొలత పలక మీద పొడవు చూడండి, టేపుతో పొట్ట దగ్గర చుట్టుకొలత చూడండి. అంగుళాల్లో పొడవును చుట్టుకొలతతో రెండుసార్లు గుణించి 800తో భాగిస్తే పౌన్లలో సుమారు బరువు వస్తుంది. 24 అంగుళాల పొడవు, 18 అంగుళాల చుట్టుకొలత ఉన్న చేప తొమ్మిది ముప్పావు పౌన్లకు కాస్త తక్కువ తూగుతుంది. ఈ లెక్క మన పిల్లలకు క్షణం పని. అచ్చం అలాంటి చేప ప్రతిరూపం ఇంటి గోడకు కావాలన్నా ఆ కొలతలు, ఫొటో ఇస్తే ఫైబర్‌గ్లాసుతో చేసిచ్చేవాళ్లు ఉన్నారు. చేప చావవలసిన పని ఎక్కడుంది?

మన నేల నుంచి ఒక మాట గుర్తుచేస్తాను. కొర్రమీను తన పిల్లలను గుంపుగా వెంటబెట్టుకుని కాపలా కాస్తుందని చెరువుల పక్కన పెరిగినవాళ్లకు తెలుసు. నీళ్ల మీద ఎర్రగా కదిలే ఆ పిల్లల గుంపు కింద తల్లో తండ్రో తప్పకుండా ఉంటుంది. బాస్‌లో ఆ పని మగచేపది. అడుగున గుంట చేసి, గుడ్లకు తోకతో నీళ్లు విసురుతూ, దగ్గరికి వచ్చిన బ్లూగిల్ మీదికల్లా దూకుతుంది. ఆ మగచేపను పిక్నిక్ అంతసేపూ ఐస్ పెట్టెలో ఉంచితే బ్లూగిల్ గుంపు ఆ గుంటను ఖాళీ చేసేస్తుంది. ఇండియాలో మన తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవలు సముద్రంలోకి వెళ్లవు. చేపలు గుడ్లు పెట్టే కాలమని కూలి మానుకుని మత్స్యకార కుటుంబాలు ఒడ్డున కూర్చుంటాయి. పూట గడవడం కష్టమైనా వాళ్లు పాటించే కట్టుబాటును, సరదాకి గాలం వేసే మనం ఒక్క పూట పాటించలేమా?

వదిలెయ్యడం అన్ని చోట్లా ఒకే ధర్మం కాదని కూడా నాకు తెలుసు. 2009 జూలై 2న జపాన్‌లోని బివా సరస్సులో మనాబు కురిత అనే ఆయన పెరీ రికార్డుతో సమానమైన బాస్‌ను పట్టాడు. అక్కడ ఈ చేప పరదేశి. స్థానిక చేపలను తినేస్తుంది. అందుకని ఆ సరస్సులో పట్టిన బాస్‌ను తిరిగి వదలడం అక్కడి నిబంధనలకు విరుద్ధం. కాబట్టి సూత్రం ఒక్కటే: ఏ నీళ్లలో నిలబడ్డామో ఆ నీళ్లకు ఏది మేలో అది చెయ్యాలి. టెక్సస్‌లో, జార్జియాలో, ఫ్లోరిడాలో ఈ చేప ఆ నీళ్ల బిడ్డ. ఆ చెరువులను లైసెన్సు రుసుములతో, పన్నులతో అందరూ కలిసి పోషిస్తున్నారు. మనం అక్కడ పట్టే పెద్ద చేప రేపు అదే గట్టు మీద నిలబడబోయే ఎవరో పిల్లవాడిది కూడా. ఆ పిల్లవాడి వాటాను బహుమతిగా పంచే అధికారం మీకు ఎవరిచ్చారు?

మన పరువు సంగతి కూడా ఆలోచించండి. చెరువు గట్టున పక్కన నిలబడ్డ స్థానికులు తొమ్మిది పౌన్ల చేపను ముద్దు పెట్టుకుని వదులుతుంటే, మనం దాన్ని ఐస్‌లో వేసి మూత పెడుతున్నాం. వాళ్లు ఏమీ అనరు. కానీ చూస్తారు. ఈ దేశంలో మన గురించి ఏర్పడే అభిప్రాయం సభల్లో చేసే ప్రసంగాల వల్లే కాదు, ఇలాంటి గట్ల మీద కూడా ఏర్పడుతుంది.

అందుచేత మిమ్మల్ని స్పష్టంగా ఇవి కోరుతున్నాను.

తక్కెడ తీసేసి కొలత పలక పెట్టండి. పలక మీద చేప, పక్కన ఆ రోజు సంఘం ఇచ్చిన చీటీ, రెండూ కలిసిన ఫొటోనే రుజువు. మోసానికి తావుండదు. పోటీ వరకు ప్రతి బాస్‌నూ ప్రాణంతో వదలాలని నియమం రాయండి. చచ్చిన బాస్‌కు బహుమతి లేదని కరపత్రంలో మొదటి వరసలో అచ్చు వెయ్యండి. వేపుడు కావాలంటే క్యాట్‌ఫిష్ కొనండి, దానికి ఎవరూ అడ్డుచెప్పరు. మామూలు రోజుల్లో 17 ఏళ్లు నిండినవారు లైసెన్సు లేకుండా గాలం వెయ్యకూడదనీ, ఆ చెరువు నియమాలేమిటో కూడా అందరికీ ముందే చెప్పండి. పోటీకి ముందు ఒక గంట కేటాయించి, గాలం వెయ్యడం తెలిసినవాళ్లచేత పైన రాసిన విద్య నేర్పించండి. పిల్లలకు విడిగా బహుమతి పెట్టండి, చేపను సరిగ్గా పట్టుకుని సరిగ్గా వదిలినవాళ్లకు. పోటీ తేదీని గుడ్లు పెట్టే వారాల నుంచి జరపండి. జూన్ మొదటి శనివారం టెక్సస్‌లో లైసెన్సు లేకుండానే ఎవరైనా గాలం వెయ్యవచ్చు. ఆ ఉదయపు చల్లని వేళను ఎంచుకుంటే కొత్తవాళ్లు కూడా వస్తారు.

వీటికి పెద్దగా డబ్బు ఖర్చవదు. ఇవన్నీ మీ ఒక్క తీర్మానంతో అయ్యేవి. వచ్చే కార్యవర్గ సమావేశంలో ఈ విషయం చర్చకు పెట్టి, మీ నిర్ణయం, దానికి కారణాలు సభ్యులందరికీ రాసి పంపండి. మార్చబోమంటే, ఎందుకు మార్చరో మాకు చెప్పవలసిన బాధ్యత మీది. మారుస్తామంటే, నేర్పడానికి గట్టు మీదికి వచ్చేవాళ్లలో నన్నూ ఒకడిగా రాసుకోండి. రాడ్లు, ఎరలు, వల నేనే తెస్తాను.

ఇట్లు
భవదీయుడు,
టెక్సస్ చెరువుల్లో గాలం వేసే ఒక తెలుగువాడు